మేము కొన్న పాత పడవ

నగ కొనునపుడును, చీర కొనునపుడును స్త్రీల యభిప్రాయము నడుగుట మన యిండ్లలో వాడుకయే. గేదెను కొనునపుడు సైతము, పాలు పిదుకవలసినది మేమేగాన, మమ్ము పిలిచి చూపుదురు. పడవ కొనునపుడు మాత్రము ఆ పని మగవారిదే యని యందరు ననుకొందురు. ఏటినడుమ లంకలో కాపురముండువారికి పడవ యింటి గడపవంటిది. పిల్లలు బడికి పోవలెనన్నను, ఇంట పురిటినొప్పులు వచ్చినను, బియ్యము నిండుకొన్నను దానినే దాటవలెను. అట్టి పడవను కొనుటలో మేము చూచినదియు నేర్చినదియు గోదావరి యొడ్డున నుండు సోదరీమణులకు పనికివచ్చునేమో యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేమిద్దరము తోడికోడండ్రము. మా యూరు యానామునకు ఎగువను గౌతమీ పాయలో నొక చిన్న లంక. కొబ్బరితోట, కూరపాదులు, రెండు గేదెలు మా జీవనాధారములు. తాతల కాలమునుండి మాకు సొంత పడవ లేదు. రేవు నావమీదనే దాటుచుంటిమి. 2022వ సంవత్సరము జూలై నెలలో వచ్చిన వరద చదువరులకు జ్ఞాపకముండును. భద్రాచలమువద్ద నీటిమట్టము 71 అడుగులు దాటినది. ధవళేశ్వరమునుండి సెకనుకు 25 లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు సముద్రమునకు పోయినది. మా పెరటిలోనికి నీరు వచ్చిన నాటి రాత్రి మాలో చిన్నదాని కొడుకునకు ఒడలు కాలిపోవు జ్వరము. లంకలన్నిటను జనులు చిక్కుకొనియుండగా పడవలు తక్కువ. మా వంతు వచ్చుసరికి ఒక పగలు, ఒక రాత్రి గడచినవి. పిల్లవాడు దక్కెను. అయినను ఆ రాత్రి దీపము పట్టుకొని గుమ్మములో నీటి గుర్తును చూచుచు కూర్చున్నది మేము. ఇంటికొక పడవ యుండవలెనని మొదట నన్నదియు మేమే.

మేడమీద నొక గది వేయింపవలెనని పాలడబ్బులలోనుండియు, కొబ్బరి డబ్బులలోనుండియు మిగిల్చి మేమిద్దరము దాచుకొన్నది 60,000 రూపాయలు. ఆ సొమ్ము నీ పనికి వినియోగింతుమని చెప్పగా మగవారు సంతోషించిరి. మా అత్తగారు సంతోషింపలేదు.

వారి మాట త్రోసివేయదగినది కాదు. వారి పుట్టినింటివారు కాలువలమీద పడవలు నడిపినవారు. 1847లో ఆరంభమై 1852 నాటికి ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టతోపాటు కాటను దొరగారు త్రవ్వించిన కాలువలు పొలములకు నీరు పారించుటకేగాక పడవలు నడచుటకును నేర్పరచినవి. లాకులవద్ద తలుపులు మూసి, నీటిమట్టము సరిచేసి, పడవలను దాటించెడివారు. ధాన్యము, ఉప్పు, కొబ్బరి, పెండ్లివారు అందరును వానిమీదనే పోయెడివారు. గాలి యున్నప్పుడు తెరచాప; లేనప్పుడు మనుష్యులు గట్టున నడచుచు త్రాటితో లాగుట. మా అత్తగారు 1969లో కాపురమునకు వచ్చినది కాలువ పడవమీదనే. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద 75.6 అడుగులకు లేచిన వరదను ఈ లంకలోనే చూచినవారు.

వారు మాతో నన్న మాట యిది: “పడవ లేనోళ్ళు ముందే బయల్దేరతారమ్మాయ్. పడవ ఉన్నోళ్ళు, ఉంది గదా అని ఆఖరి ఘడియదాకా కూర్చుంటారు. కొనొద్దనడం లేదు నేను. ఎందుకు కొంటున్నారో చెప్పి కొనండి.”

ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనుటకు మాకు మూడు దినములు పట్టినది. వరదలోనికి పోవుటకు కాదు, వరద రాకమునుపే పోవుటకు కొందుమని చెప్పితిమి. ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులైనపుడు మొదటి హెచ్చరికయు, 13.75 అడుగులైనపుడు రెండవదియు, 17.75 అడుగులైనపుడు మూడవదియు ప్రకటింతురు. మొదటి హెచ్చరిక వినగనే పిల్లలును, ముసలివారును, గర్భిణులును దాటవలెను. రెండవదానికి ఇంట నెవ్వరు నుండరాదు. మూడవదానినాటికి పడవ గట్టుమీద నుండవలెను. ఈ మూడు ముక్కలును వంటింటి గోడమీద బొగ్గుతో వ్రాసిన పిమ్మటగాని అత్తగారు సరే యనలేదు.

తెరచాప పడవయే యేల యని కొందరడిగిరి. క్రొత్త ఫైబరు పడవకు యంత్రముతో గూడ లక్షలు కావలెను. యంత్రము చెడిన బాగుచేయువాడు లంకలో లేడు. మాకు కావలసినది దినమున కొకమారు యానాము సంతకు దిగి తిరిగి వచ్చుట. మా పాయలో సముద్రపు ఆటుపోట్లు తెలియును. ఆటుతో దిగి, పోటుతోను, మధ్యాహ్నపు సముద్రపు గాలితోను ఎగువకు తేలిపోయి రావచ్చును. గాలికి డీజిలు అక్కరలేదు.

పాత పడవలకై తాళ్ళరేవు, కోరంగి ప్రాంతమునకు పోతిమి. కోరంగి యొకప్పుడు గొప్ప రేవు. ఓడలు కట్టిన చోటు. 1789లోను, 1839లోను వచ్చిన తుపానుల యుప్పెనలు దానిని ముంచివేసినవి. ఆ రేవునుండి మనవారు బర్మాకు పోవుచుండుటచేతనే అక్కడివారు తెలుగువారిని కోరంగీలని పిలిచెడివారు. రేవు పోయినను కొయ్యపని ఆ ప్రాంతమును విడువలేదు. చేపలవారు ఫైబరు పడవలకు మారుచుండగా వారి కొయ్యపడవలు తక్కువ వెలకు దొరకుచున్నవి. తక్కువ వెల యనగానే జాగ్రత్త హెచ్చవలెను గదా.

మొదట చూచినది నీలిరంగు పూసి, ముందు కొయ్యకు పూవులు చిత్రించిన పడవ. వెల 45,000. మా బావగారికి చూడగనే నచ్చినది. అత్తగారు మాతో వచ్చిరి గాని మాటాడక, “కుండ కొన్నట్టు చూడండి,” అని మాత్రము అనిరి. కుండను కొనునపుడు మనము వ్రేలితో తట్టి వినుదుము. కొబ్బరికాయను తట్టి లోని నీరు తెలిసికొందుము. అట్లే చిన్న చెక్కసుత్తితో పలక పలకయు తట్టితిమి. గట్టి కొయ్య ఖంగున పలుకును. కుళ్ళిన కొయ్య తడిసిన దిండువలె పలుకును. ముందుభాగమున, లోపల వాననీరు నిలుచు మూలను, మూడు పలకలు పలుకలేదు. అక్కడ కూరలు తరుగు కత్తి మొనను నొక్కగా అది వ్రేలి కణుపంత లోనికి దిగినది. రంగు మందమే యది యని యమ్మువాడు చెప్పెను. మేము కత్తి తుడుచుకొని లేచితిమి.

ఇక్కడ సోదరీమణులు తెలిసికొనవలసిన సంగతి యొకటి గలదు. పడవ కొయ్యను కుళ్ళించునది యుప్పునీరు కాదు, వాననీరు. ఉప్పునీటిలో కుళ్ళు తక్కువ. అందుచే పడవ బయటివైపు బాగుగ నుండి, లోపల వాననీరు నిలిచినచోట చెడిపోయి యుండవచ్చును. ఉప్పునీటికి వేరొక శత్రువు గలదు. దానిని పురుగని పిలుతురుగాని యది ఆల్చిప్పజాతి జీవి. పైన సూదిబెజ్జమంత రంధ్రము చేసికొని లోపలికి చొచ్చి, కొయ్యనంతయు సొరంగములు చేయును. పుచ్చిన పప్పుగింజ వెలుపల నున్నగనే కనబడునట్లు, ఆ పలకయు వెలుపల నిండుగనే కనబడును. మంచినీటిలో ఆ జీవి బహుకాలము బ్రతుకజాలదు. అందుచేతనే వరదకాలమున పాయ నీరు తీయబడుట పడవకొక మందువంటిది.

రెండవ పడవ మడ అడవుల ప్రక్కనున్న చిన్న కాలువలో బురదమీద వాలియున్నది. పొడవు 20 అడుగులు. రంగు లేదు, నూనెయు గుగ్గిలమును పూసి పూసి నల్లబడినది. ప్రక్కలను రెండు పలకలు వేరు వన్నెతో, చీరకు వేసిన మాసికవలె, స్పష్టముగ తెలియుచున్నవి. దాని యజమాని డెబ్బది యేండ్ల వృద్ధుడు. కొడుకులు యంత్రపు పడవలమీదికి పోయిరి. మేము సుత్తి తీయగనే యతడు నవ్వి యిట్లు చెప్పెను:

“ఆయ్, పాతదేనండి అమ్మగారూ. కుడిపక్క రెండు పలకలు నేనే మార్చానండి. ఎడమపక్క వెనకాల ఇంకోటి మార్చాలి, అది మీరు మార్చుకోవాలండి. చుక్కాని గట్టిది. తెరచాప రెండేళ్ళు వస్తదండి, మూడో ఏడు రాదు.”

“లోపం నువ్వే చెపుతున్నావేం తాతా?” అని మేమడిగితిమి.

“మీరు పిల్లల్ని ఎక్కిస్తారు గదండి,” అనెను.

అతని మాటను నమ్మితిమిగాని, తట్టక మానలేదు. మారవలసినదని యతడు చెప్పిన పలక తప్ప తక్కినవన్నియు పలికినవి. మేకుల తలలచుట్టు తుప్పుమరక నల్లగా వ్యాపించియున్నదేమో చూచితిమి. మేకు తుప్పు పట్టినచో చుట్టునున్న కొయ్యయు మెత్తబడి పట్టు విడుచును. రెండుచోట్ల మాత్రము మరక యుండినది. త్రాళ్ళను పురి విప్పి లోపలి పోగులను చూచితిమి. పైపోగులు మాసినను లోపలివి తెల్లగ నుండిన త్రాడు మంచిది. తెరచాపను సూర్యుని కెదురుగ పట్టి, చీర నేత చూచునట్లు చూచితిమి. పిదప పడవను నీటిలోనికి దింపించి, ఒక గంటసేపు అందులో కూర్చుండి, నీరెక్కడనుండి యెంత యూరుచున్నదో కనిపెట్టితిమి. ఈ కడపటి పరీక్షకు తొందరపడు నమ్మకపువానివద్ద పడవ కొనరాదు. ఆ తాత మాకు గొడుగు తెచ్చి యిచ్చెను.

అతడు 36,000 అడిగెను. 32,000కు బేరము కుదిరినది. ఉన్న సొమ్ములో ఇంచుమించు సగము మాత్రమే వెలకని మేము ముందుగనే నిర్ణయించుకొంటిమి. పాత పడవను కొనుటయనగా దానికి కావలసిన బాగుచేతను గూడ కొనుటయే. సొమ్మంతయు వెలకే పెట్టినవారు చెడ్డ పలకను చూచియు చూడనట్లు ఊరకుండవలసివచ్చును. పడవల వడ్రంగి యొక పలక మార్చి, మేకులు తిరిగి కొట్టి, పలకల సందులలోని పాత దూదిని గీకివేసి క్రొత్త దూది కూరెను. గుగ్గిలమును నూనెతో కాచి సందులకు పట్టించెను. ఈ పనులకు 17,400 అయినది. మిగిలినదానితో పిల్లలకును పెద్దలకును ఆరు లైఫుజాకెట్లు, లంగరు త్రాడు, తెడ్లు కొంటిమి. మేడమీది గది యిప్పటికిని లేదు.

బాగుచేయించి నీటిలో దింపిన దినమున మా పడవ సందు సందునను నీరు కార్చెను. ఒడ్డున నిలిచినవారు నవ్విరి. మా అత్తగారు మాత్రము నిశ్చింతగ తమలపాకు నమలుచు, “దాహం తీరనీయండి,” అనిరి. ఎండిన కొయ్య నీటిలో ఉబ్బి సందులను బిగించుకొనుటకు రెండు మూడు దినములు పట్టును. మేము చెంబులతోను, బకెట్లతోను రెండు రాత్రులు వంతులవారీగ నీరు తోడితిమి. మూడవనాడు ఉదయమున పడవ యడుగు తడిగ నుండెనేగాని నీరు నిలువలేదు. నాలుగవనాడును కారుచుండినచో వడ్రంగిని మరల పిలువవలసినదే.

తెరచాప నడుపుట నేర్పుటకు ఆ తాత నాలుగు దినములు వచ్చెను. మగవారితోపాటు మేమును కొంగులు బిగించి కూర్చుంటిమి. పగటివేళ మగవారు పనులమీద పోయినపుడు ఇంటనుండువారము మేమేకదా. గాలికి నేరుగ ఎదురుపోవుట తెరచాపవలన కాదనియు, కొంత కుడికిని కొంత ఎడమకును వంకరగ పోవుచు ముందునకు సాగవలెననియు అప్పుడు తెలిసికొంటిమి. అతడు చెప్పినవానిలో ముఖ్యమైనది యొకటి: తెరచాపను బిగించు త్రాటిని కొయ్యకు ముడివేయరాదు, చేత పట్టవలెను. గాలి యొక్కసారి విసరినపుడు చేయి విడిచిన చాలును, తెరచాప గాలిని వదలి పడవ నిలుచును. ముడి విప్పు వ్యవధిలో పడవ తిరుగబడును. నీళ్ళకుండ నెత్తిన పెట్టుకొని గట్టు దిగుదానికి ఒడలి బరువెక్కడ నుంచవలెనో తెలిసినట్లు, కొలది దినములలో మాకును పడవ వాలు తెలియవచ్చినది.

ఈత సంగతియు చెప్పవలెను. ఏటినడుమ పుట్టి పెరిగినను మా యింట ఆడవారెవ్వరికిని ఈత రాదు. ఆ వేసవిలో తోట ప్రక్కనున్న చెరువులో, పిల్లల నడుములకు ఎండు కొబ్బరికాయలు కట్టి, ముందు వారికిని తరువాత మాకును నేర్పించుకొంటిమి. కొందరు వింతగ చూచిరి. ఇప్పుడు వారి కూతుండ్రును అందే యీదుచున్నారు.

2023 జూలైలో ధవళేశ్వరమువద్ద మొదటి హెచ్చరిక ప్రకటించిరని వినగనే గోడమీది వ్రాత ప్రకారము బయలుదేరితిమి. గేదెలను అంతకు ముందునాడే రేవు నావమీద దాటించితిమి. తెరచాప ఎత్తలేదు, ప్రవాహము హెచ్చినపుడు గాలిని నమ్ముట తగదు. తెడ్లతోను గడతోను ఒడ్డు వెంబడి కొంత యెగువకు పోయి, అక్కడనుండి ఏటవాలుగ దాటితిమి. మొదటి పర్యాయము పిల్లలు, అత్తగారు, పొరుగింటి యేడు నెలల గర్భిణి. రెండవ పర్యాయము తక్కినవారము. పిల్లలు త్రోవపొడుగునను ఆడుకొనుచునే యుండిరి. సంవత్సరము క్రిందట గుమ్మములో దీపము పట్టుకొని కూర్చున్నవారమగుటచేత ఆ యాటను చూచి మా కన్నులు చెమర్చినవి.

సాయంకాలమునకు నీరు ఇంకను హెచ్చుచుండగా, పంపుసెట్టు విడిచి వచ్చితిమని మా మగవారు మరల పోవుటకు సిద్ధపడిరి. గట్టి పడవ గదా యనిరి. ఏటిగట్టునకు పోయి చూచుసరికి పడవకు చుక్కాని లేదు. మా అత్తగారు దానిని తీయించి, చుట్టములయింట తమ మంచము క్రింద పెట్టుకొనియుండిరి. “2019లో కచ్చులూరు దగ్గర మునిగింది పాత పడవా? ఇంజనున్న పెద్ద పడవ,” అని వారన్నంతట ఎవరికిని మారుమాట లేకపోయినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన, వరదనీటిలో పాపికొండలకు డెబ్బదిమందికి పైగా నెక్కించుకొని పోవుచు ఆ పడవ మునిగిన సంగతి మన జిల్లాలలో నెరుగనివారు లేరు. పంపుసెట్టు నీట మునిగినది. దాని బాగుచేతకు కొంత సొమ్మయినది. మనుష్యులందరు నున్నారు.

మా పడవను చూచి మరి రెండు కుటుంబములవారు కొనదలచి మమ్మడుగుచున్నారు. వారికి చెప్పునదే యిక్కడను వ్రాయుచున్నాము. రంగు చూడక యడుగు చూడుడు. వాన లేని కాలములో, బురదమీద పడవ యొరిగియున్నపుడు చూడుడు. ఉన్న సొమ్ములో సగము బాగుచేతకు విడిచి బేరమాడుడు. తన పడవ లోపములను తానే చెప్పువాని పడవకు వేయి రూపాయలు హెచ్చిచ్చినను నష్టము లేదు. ఏటేట వేసవిలో ఒడ్డున కెత్తి, ఆరబెట్టి, సందులు చూచి, నూనె పట్టింపుడు. ఊరగాయ జాడీని చూచుకొన్నట్లు చూచుకొన్న పడవ తరమునకు వచ్చును. ఇంటివారిని దాటించుకొను పడవ వేరు, కూలి పుచ్చుకొని జనులను దాటించు పడవ వేరు. 1917 నాటి పాతచట్టమునకు బదులుగ 2021లో క్రొత్త అంతర్దేశీయ నౌకల చట్టము వచ్చినది. యంత్రము లేని నావల ప్రసక్తియు అందు గలదు. కావున కొనకముందే స్థానికాధికారుల నడిగి కావలసిన నమోదు చేయించుకొనుట మేలు.

తాత చెప్పినట్లే మూడవ యేట తెరచాప చినిగినది. క్రొత్తదానిని మేమిద్దరము ఇంటనే, కుట్టుమిషనుపై సాగనిచోట పెద్ద సూదితో చేతికుట్టు వేసి, కుట్టుకొంటిమి. గోడమీది బొగ్గు వ్రాత ఏటేట వెల్లవేయునపుడు పోవుచుండును. మా యాడపిల్లలు దానిని మరల వ్రాయుచున్నారు. గోదావరి యొడ్డునను, కాలువల గట్లమీదను ఉండు సోదరీమణులు తమ యిండ్ల గోడలమీదను అట్టి వ్రాత యొకటి వ్రాసికొనవలెననియు, ఈ వేసవిలోనే తమ బిడ్డలకు ఈత నేర్పింపవలెననియు మా కోరిక.